అరవై నాలుగో నంబరు

నోటీసు బోర్డు దగ్గరికి ఆడపిల్లలు వెళ్లే ఆచారం మా కాలేజీలో లేదు. అది మగపిల్లలు గుంపుగా నిలబడే చోటు. మాకు తెలియాల్సిన సంగతి ఏదైనా ఉంటే ఆఫీసు గుమాస్తా ఉరుకుందన్న ఆడపిల్లల గది గడప బయట నిలబడి, గోడవైపు చూస్తూ చెప్పి పోయేవాడు. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం అట్లాగే వచ్చి, ఇంటర్మీడియెట్ పబ్లిక్ పరీక్షకు పంపకుండా ఆపేసిన వాళ్ల పేర్లు చదివాడు. పదకొండు మంది మగపిల్లలు. చివర నా పేరు.

"అరవై నాలుగు. కృపమణి. ఇంగ్లీషులో హాజరు చాలలేదు."

రెండో సంవత్సరంలో ఆడపిల్లలం నలుగురమే. మిగిలిన ముగ్గురూ నావైపు చూశారు. నేను నవ్వాను. ఉరుకుందన్న వరుస తప్పి చదివాడనుకున్నాను. ఆ ఏడాది నేను కాలేజీకి రానిది ఒక్కటే రోజు. ఆగస్టులో హంద్రీ నది పొంగి, నేనుండే కొత్తపేట నుంచి ఇవతలికి ఎవరూ దాటలేకపోయిన రోజు. తక్కిన అన్ని రోజులూ ఎండలో, దుమ్ములో, ఒకసారి కాలికి ముల్లు దిగి కట్టు కట్టుకుని కూడా వచ్చాను.

"ఇంకోసారి చూడన్నా" అన్నాను.

ఆయన మళ్లీ చూశాడు. "నీ పేరే ఉండాదమ్మా. నూట నలభై ఎనిమిది క్లాసులకు నువ్వు తొంభై మూడు వచ్చినావంట."

మాది పత్తికొండ పక్కన చిన్న ఊరు. మా నాయన జ్ఞానరాజు ఉన్న నాలుగెకరాల మెట్టలో కొర్రా, వేరుశనగా వేస్తాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాడు. మా ఊరి మిషన్ బడికి పంతులమ్మ లేక నాలుగేళ్లయింది. నేను ఇంటర్మీడియెట్ గట్టెక్కితే ట్రైనింగుకు పంపి ఆ బడి నాకే ఇస్తామని మిషన్ వాళ్లు చెప్పారు. ఈ జూన్ దాకా సీటు ఉంచుతామన్నారు, ఆ తర్వాత ఉంచలేమన్నారు. హాజరు చాలక ఆగిపోతే ఏడాదంతా మళ్లీ చదవాలి. మళ్లీ ఇంకో ఏడాది చదివించే మాట మా ఇంట్లో లేదు. రెండేళ్లని పంపించారు, రెండేళ్లే. కాబట్టి ఉరుకుందన్న గోడవైపు చూస్తూ చదివినది ఒక నంబరు కాదు, నా బడి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆగిపోయినది లెక్కల్లో అయినా, చరిత్రలో అయినా నాకు అంత మండేది కాదు. ఇంగ్లీషులో కావడమే నాకు మింగుడు పడలేదు.

నేను చదివింది ఊరి బళ్లో. ఆరో తరగతి దాకా ఇంగ్లీషు అక్షరం చూడలేదు. పత్తికొండ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు పాఠాన్ని తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో కంఠతా పట్టమనేవాడు. కాలేజీలోకి వచ్చేసరికి అన్ని పాఠాలూ ఇంగ్లీషులోనే. మొదటి నెలంతా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. శేషాచలం గారు ఇంగ్లీషు నోట్సు గబగబా చెప్పేవాడు. ఆ మాటల స్పెల్లింగులు నాకు రావు, ఆగమని అడగడానికి నోరు రాదు. అందుకని వినబడింది వినబడినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ఆయన దగ్గితే అక్కడ ఒక గీత గీసేదాన్ని. మగపిల్లలు నవ్వితే 'నవ్వు' అని రాసేదాన్ని, ఎందుకు నవ్వారో తర్వాత తెలుసుకోవాలని. సాయంకాలం నేనుండే మా మేనత్త ఇంటికి పోయి, జీవమ్మత్త పొయ్యి దగ్గర కూర్చుని, ఆ తెలుగు అక్షరాలను పైకి చదువుతూ డిక్షనరీలో ఒక్కొక్క మాటా వెతికి ఇంగ్లీషులో ఎత్తి రాసేదాన్ని. రెండు పేజీలకు మూడు గంటలు పట్టేది. రెండో సంవత్సరానికి ఒక గంటకు వచ్చింది. ప్రతి పాఠానికీ పైన తేదీ ఉండేది. అలాంటి నోటుబుక్కులు రెండేళ్లలో పద్నాలుగు నింపాను.

అంత చేసిన దాన్ని క్లాసుకే రాలేదన్నారు.

మా కాలేజీలో ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి పోరు. లెక్చరర్ వచ్చేదాకా మా గదిలో ఉండి, ఆయన వెనకే నడిచి లోపలికి పోయి, తలుపు పక్క బెంచీలో కూర్చుంటాం. గంట కొట్టగానే ముందు మేము లేచి వచ్చేస్తాం. ఎప్పుడో మేము చేరకముందు, హాజరు పిలిచేటప్పుడు ఒక అమ్మాయి "ప్రెజెంట్ సార్" అంటే వెనక బెంచీల వాళ్లు ఆ గొంతు పెట్టి వెక్కిరించారట. ఆ అమ్మాయి చదువు మానేసిందట. అప్పటినుంచి ఆడపిల్లల పేర్లు పిలవడం ఆపేశారు. చరిత్ర చెప్పే ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూసి రాసుకునేవాడు. శేషాచలం గారు ఒకటి నుంచి అరవై దాకా మగపిల్లల నంబర్లు పిలిచి, మా బెంచీవైపు ఒక్కసారి తలెత్తి, మళ్లీ వంచి ఏదో గీసేవాడు. ఏం గీసేవాడో మేమెప్పుడూ చూడలేదు. చూడాలని తోచలేదు.

ఆ సాయంకాలం ఉరుకుందన్నను బతిమాలితే ఆఫీసు కిటికీ దగ్గర రిజిస్టరు తెరిచి చూపించాడు. అరవై ఒకటి, మహాదేవమ్మ. గీత మొదట్నుంచి చివరిదాకా అన్నీ హాజరే. అరవై రెండు, హనుమంతమ్మ. అన్నీ హాజరే. అరవై మూడు, వెంకటేశ్వరమ్మ. నాలుగైదు తప్ప అన్నీ హాజరే. అరవై నాలుగు నాది. మొదటి సంవత్సరంలో నేను రెండు వారాలు ఆలస్యంగా చేరాను కాబట్టి చివరి నంబరు నాకు పడింది. నా గీతలో యాభై ఐదు ఆబ్సెంట్లు.

నవంబరు పన్నెండు చూశాను. ఆ వారమంతా మహాదేవమ్మ మైదుకూరులో మేనమామ కూతురి పెళ్లికి పోయింది. మాకు చెప్పే పోయింది, వచ్చాక పెళ్లి లడ్లు కూడా పెట్టింది. రిజిస్టరులో ఆమె హాజరు. నేను ఆబ్సెంటు. డిసెంబరులో హనుమంతమ్మకు జ్వరం వచ్చిన రోజులు చూశాను. ఆమె హాజరు, నేను ఆబ్సెంటు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తూ పోతే నాకు అర్థమైంది. ఆయన మా బెంచీ మీద తలలు లెక్కపెట్టేవాడు. నాలుగుంటే నలుగురికీ వేసేవాడు. మూడుంటే మొదటి మూడు నంబర్లకు వేసి, చివరిది కొట్టేసేవాడు. ఆ ముగ్గురిలో ఎవరు రాకపోయినా రానిదాన్ని నేనే.

"ఇది ఇట్ల చేస్తారని నీకు తెలుసునా అన్నా?" అన్నాను.

ఉరుకుందన్న రిజిస్టరు మూసేశాడు. "నాకేం తెలుసమ్మా. నా పని లెక్క కూడేది, అంతే. నువ్వు పోయి సారునే అడుగు. పెద్దమనిషి, ఏదో ఒకటి చేస్తాడు."

మర్నాడు లెక్చరర్ల గది దగ్గరికి పోయాను. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. శేషాచలం గారు మద్రాసులో చదివినవాడు. ఎంత ఎండలోనూ కోటు విప్పడు. ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు లేచి నిలబడతాడు. ఊళ్లో ఆయనకు మర్యాదస్తుడని పేరు. నేను తెలుగులో మొదలుపెట్టాను. ఆయన చేయెత్తి ఆపాడు.

"ఇంగ్లీషులో చెప్పమ్మా. రెండేళ్లు నా క్లాసులో కూర్చున్నావు."

నిజమే, రెండేళ్లు కూర్చున్నాను. మగపిల్లల్లో వరసగా ఒక్కొక్కరిని లేపి పేరాలు చదివించి, ఉచ్చారణ దిద్దేవాడు. ఆ వరస మా బెంచీ దగ్గరికి రాగానే దాటుకుని అవతలికి పోయేది. రెండేళ్లలో నా నోట ఒక్క ఇంగ్లీషు మాట ఆయన వినలేదు, వినాలనీ అనుకోలేదు. ఇప్పుడు నేను తప్పు ఎట్లా పడిందని అడగడానికి వచ్చేసరికి ఇంగ్లీషులో చెప్పమంటున్నాడు.

నేను అన్ని రోజులూ వచ్చాను సార్ అని ఇంగ్లీషులో అన్నాను. సంచిలోంచి నోటుబుక్కులు తీసి బల్లమీద పెట్టి, నవంబరు పన్నెండు తెరిచి చూపించాను. ఆయన తిరగేసి చూసి, ఇదేమి లిపి అన్నాడు. మీరు చెప్పిందే సార్ అన్నాను. ఆయన ఒక వరస గొణుక్కుంటూ చదివాడు. తన మాటలు తెలుగు అక్షరాల్లో కనబడేసరికి ముఖం ఎర్రబడింది. ఇది ఎవరి దగ్గరైనా చూసి రాసుకోవచ్చు కదా అన్నాడు. ఈ మాదిరి రాసేవాళ్లు క్లాసులో ఇంకెవరున్నారు సార్ అన్నాను. పుస్తకం మూసి తెలుగులోకి వచ్చాడు.

"చూడమ్మా. ఆడపిల్లల పేర్లు పదిమందిలో పిలవడం నాకు ఇష్టం లేదు. వెనక బెంచీల వెధవలు ఆ పేర్లు పట్టుకుని ఏమేం చేస్తారో నీకు తెలీదు. మీ మర్యాద కోసం చేసిన పని అది."

"మా మర్యాద కోసమైతే ఆబ్సెంటు నాకెందుకు పడింది సార్?"

"ఏదో పొరపాటు జరిగి ఉండొచ్చు. రిజిస్టరు ఆఫీసుకు వెళ్లిపోయింది. కొట్టి రాయడం కుదరదు. రాస్తే నేను దొంగ హాజరు వేశానని అవుతుంది. దీనికి వేరే దారి ఉంది, రాసుకో."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. రెండేళ్ల అలవాటు. నా చేయి తనంతట తానే కలం తీసి రాసింది. ఈసారి తెలుగు అక్షరాలు కాదు, నేరుగా ఇంగ్లీషే. ఆయన చెబుతుంటే మాటమాటా అప్పటికప్పుడే అర్థమైంది. డిక్షనరీ అక్కర్లేకుండా ఆయన చెప్పినది మొత్తం నాకు అర్థం కావడం అదే మొదలు. అది ప్రిన్సిపాలు గారికి అర్జీ. తరచూ జబ్బు పడటం వల్ల నేను క్లాసులకు రాలేకపోయానని, నా నిర్లక్ష్యానికి సిగ్గుపడుతున్నానని, దయతలచి క్షమించి పరీక్షకు అనుమతించమని, కాళ్లకు మొక్కినంత వినయంగా ఉంది.

డాక్టరు సర్టిఫికెట్టు ఒకటి జతచేయమన్నాడు. నేను ఉండేది కొత్తపేటలో ఒక డాక్టరు దగ్గర ఆయాగా పనిచేసే మా మేనత్త ఇంట్లోనని అడిగి తెలుసుకుని, అయితే ఇంకేం, పని సులువు అన్నాడు. సంతకం పెట్టి తీసుకొస్తే తానే సిఫారసు రాస్తానన్నాడు. వారం రోజులు గడువుందన్నాడు. ఇదంతా నాకు మేలు చేస్తున్నట్టే చెప్పాడు.

సాయంకాలం ఆ కాగితం జీవమ్మత్తకు చదివి తెలుగులో చెప్పాను. ఆమె కొర్రలు చెరుగుతూ విన్నది.

"దీంట్లో ఏముండాది పాపా? సంతకం పెట్టు. డాక్టరమ్మకు నేను చెప్తా. కడుపునొప్పి అని రాపిస్తా."

"నాకు కడుపునొప్పి రాలేదత్తా."

"వచ్చినట్టు రాస్తే వస్తుందా యేమి? అందరూ రాపించుకొని పోతాండారు. మొన్న తాసిల్దారు ఆఫీసాయప్ప బిడ్డ పెండ్లికి పోయి జొరమని రాపిచ్చుకున్యాడు."

"ఆయప్ప రాలేదు కాబట్టి రాపించుకున్నాడు. నేను వచ్చినా గదా."

అత్త చేట పక్కన పెట్టింది. "చూడు మణీ. మీ నాయన ఈడికి నిన్ను పంపిచ్చేటప్పుడు సంఘం వాళ్లు ఎన్ని మాట్లన్నారో నాకు తెలుసు. నువ్వు పాసైతే సాలు. మీ సారు ఎట్ల రాసుకుంటే మనకేమి. సదువుకున్నోల్లు రాసుకునే రాతలు అవి."

అత్తమీద నాకు కోపం రాలేదు. ఆమె పద్దెనిమిదేళ్లుగా ఆ డాక్టరు ఇంట్లో, తను చేయని తప్పులకు కూడా తప్పయిందమ్మా అంటూ పని నిలబెట్టుకుంటోంది. అది నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. నేను చదువుకోవడానికి వచ్చింది అట్లా అనకుండా బతకడానికే. ఇంగ్లీషు నేర్చుకుని నేను పెట్టే మొదటి సంతకం, నేను చేయని తప్పుకు క్షమించమనే కాగితం కింద పెట్టాలా? ఆ మాట అత్తతో అనలేకపోయాను.

రెండు రోజుల తర్వాత మహాదేవమ్మ ఆడపిల్లల గదిలో నన్ను పక్కకు పిలిచింది. వాళ్లది ఆదోని పత్తి వ్యాపారం, ఊళ్లో పెద్ద ఇల్లు, వాళ్ల నాయన కాలేజీ కమిటీలో ఉన్నాడు. మంచి పిల్లే. మూసిన బండిలో వస్తుంది, పండగ పూట అందరికీ ఏదో ఒకటి తెస్తుంది. నేను రిజిస్టరు చూసిన సంగతి ఉరుకుందన్న ఆమెకు చెప్పినట్టున్నాడు.

"నువ్వు రిజిస్టరు దిద్దమని అడుగుతాండావంట?"

"అవును."

"నేను ఏడాదిలో ఎన్ని దినాలు రాలేదో నీకు తెలుసు గదా. నలభై. అవన్నీ నా గీతలోకి వస్తే నన్నూ ఆపుతారు. ఈసారి ఆగిపోతే మా నాయన సదువు మానిపిస్తాడు కృపా. పెండ్లి చేసి బళ్లారికి పంపుతాడు."

"మరి నన్ను ఆపితే ఏమైతాదో నీకు తెల్దా?"

"నిన్ను ఆపరు. జబ్బని రాస్తే సాలంట. నీకూ మంచిదే, నాకూ మంచిదే. ఒక్క కాగితం."

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "మహాదేవీ, రానిదానివి నువ్వు. జబ్బని నువ్వు రాయి. నీ జబ్బు నేనెందుకు పడాల?"

ఆ మాట ఆమెకు తోచనే లేదని ముఖం చూస్తే తెలిసింది. ఆమెకే కాదు, శేషాచలం గారికీ తోచలేదు. ఒకరు అబద్ధం రాయాల్సి వచ్చినప్పుడు అది నేనే రాయాలని అందరికీ దానంతట అదే తోచింది. మా నాయన కమిటీలో ఉన్నాడా? నేను మూసిన బండిలో వచ్చానా? చివరి నంబరు ఒక్క రిజిస్టరులో మాత్రమే ఉండదని నాకు ఆ రోజు తెలిసింది.

శేషాచలం గారు చెప్పి రాయించిన అర్జీని చింపలేదు. మడిచి డిక్షనరీలో పెట్టి, వేరే కాగితం తీసుకున్నాను. మూడు సాయంకాలాలు పట్టింది. రెండేళ్లూ నేను రాసిన ఇంగ్లీషంతా ఇంకొకరు చెప్పింది. నా సంగతి నేను చెప్పుకోవడానికి ఆ పద్నాలుగు నోటుబుక్కుల్లో ఒక్క వాక్యం దొరకలేదు. కవుల జీవితాల గురించి రాయగలను, ఇంగ్లండు వసంతకాలం గురించి రాయగలను. "నేను ఆ రోజు బెంచీ మీద కూర్చున్నాను" అని రాయడానికి గంట పట్టింది. చివరకు ఇంత రాశాను. మా ఇంగ్లీషు లెక్చరరు గారు ఆడపిల్లల పేర్లు పిలవరు. తలలు లెక్కపెట్టి, తక్కువైతే చివరి నంబరుకు ఆబ్సెంటు వేస్తారు. చివరి నంబరు నాది. నాకు జబ్బు చేయలేదు. నేను రానిది ఒక్క రోజు. ఆ రోజు హంద్రీ పొంగింది. నా హాజరు నాకు ఇప్పించవలసింది.

క్షమించమని ఎక్కడా రాయలేదు.

ఏ అర్జీ అయినా సంబంధిత లెక్చరరు చేతుల మీదుగానే ప్రిన్సిపాలుకు పోవాలని నియమం. అందుకని గడువు రేపనగా దాన్ని శేషాచలం గారి దగ్గరికే తీసుకుపోయాను. ఆయన బల్లమీద కాంపోజిషను పుస్తకాలు కొండలా ఉన్నాయి, చేతిలో ఎర్ర సిరా కలముంది. సంతకం పెట్టి తెచ్చావా అంటూ అందుకున్నాడు. చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. నేను గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు. కలం కాగితం మీద పెట్టాడు. ఒక మాట కొట్టి పైన ఇంకో మాట రాశాడు. ఒకచోట వాక్యాన్ని రెండు చేశాడు. చరచరా కిందిదాకా పోయి, సంతకం దగ్గర ఆగాడు.

"పదిహేడు" అన్నాడు. "ఒక్క పేజీలో పదిహేడు తప్పులు. ఇంత తప్పుల కాగితం పట్టుకొచ్చి, ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నవాడికి తప్పు చూపిస్తావా నువ్వు?"

మిగిలిన లెక్చరర్లు తలలెత్తి చూశారు. ఒకాయన నవ్వాడు. శేషాచలం గారు కాగితాన్ని బల్ల అంచుకు జరిపాడు.

"దీన్ని నేను పైకి పంపను. రేపు సాయంత్రంలోగా నేను చెప్పింది తెస్తే సరే. లేకపోతే నీ ఇష్టం. వెళ్లు."

కాగితం తీసుకుని వరండాలోకి వచ్చాను. చెంపలు మండిపోతున్నాయి. ఎర్ర గీతలు చూడబుద్ధి కాలేదు, కానీ కళ్లు వాటిమీదికే పోయాయి. ఎవరు దిద్దినా తప్పు ఎక్కడుందో చూసుకునే పాడు అలవాటు నాది. చూసుకుంటూ పోయాను. తలలు లెక్కపెట్టడం గురించి నేను ముక్కలుముక్కలుగా రాసిన దాన్ని ఆయన ఒక చక్కటి వాక్యంగా చేశాడు. లెక్చరరు గారు విద్యార్థినుల పేర్లు పిలవకుండా కేవలం తలలు లెక్కించి, సంఖ్య తగ్గినప్పుడల్లా చివరి నంబరును గైరుహాజరుగా నమోదు చేస్తూ వచ్చారు. నేను వంద గంటలు కూర్చున్నా అంత తేటగా రాయలేను. భాషంతా దిద్దాడు. ఇది అబద్ధమని ఎక్కడా కొట్టలేదు.

అక్కడినుంచి నేరుగా ప్రిన్సిపాలు గది దగ్గరికి పోయాను. ఆడపిల్ల ఒక్కతే ఆ గదికి పోవడం ఎవరూ చూసి ఉండరు. ఉరుకుందన్న బయట బల్ల దగ్గరినుంచి లేచి, లెక్చరరు సంతకం లేనిదే లోపలికి పోకూడదమ్మా అన్నాడు. సంతకం లేదు గానీ ఆయన రాత ఉండాదన్నా అన్నాను. ఆయన కాగితం చూసి, ఏమీ అర్థం కాక, పక్కకు జరిగాడు.

ప్రిన్సిపాలు గారు ముసలాయన, ఆ ఏడాదితో రిటైరయ్యే మనిషి. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"అర్జీమీద ఈ ఎర్ర సిరా ఏమిటి?"

"శేషాచలం సారు దిద్దినారు సార్."

"దిద్ది?"

"పదిహేడు తప్పులు చూపించినారు. పైకి పంపనన్నారు."

ఆయన చదివాడు. చదువుతూ ఒకచోట ఆగి, వేలు అక్కడే పెట్టి ఉంచాడు. ఈ సంగతి నిజం కాదని సారు అన్నాడా అని అడిగాడు. అనలేదు సార్, ఇంగ్లీషు బాగాలేదని మాత్రమే అన్నారు అని చెప్పాను. ఆయన గంట కొట్టి, రిజిస్టరునూ శేషాచలం గారినీ పిలిపించాడు.

శేషాచలం గారు వచ్చి నన్ను చూసి, కోటు గుండీ పెట్టుకున్నాడు. ప్రిన్సిపాలు గారు ఇంగ్లీషులోనే అడిగాడు. నాకు అంతా అర్థమైంది. పేర్లు పిలవని మాట నిజమేనా అని అడిగాడు. మర్యాద కోసమని ఈయన మొదలుపెట్టాడు. ప్రిన్సిపాలు గారు వినలేదు. ఈ అమ్మాయి పేరేమిటి అన్నాడు.

శేషాచలం గారు నావైపు చూశాడు. రెండేళ్లు తన వెనకే నడిచి క్లాసులోకి వచ్చి, ఆయన దగ్గు కూడా రాసుకున్నదాన్ని. ఆయన చూపు నా ముఖం మీంచి జారి, బల్లమీది అర్జీ మీదికి, కింద సంతకం దగ్గరికి పోయింది. అది తలకిందులుగా ఉంది. చదవలేకపోయాడు.

ప్రిన్సిపాలు గారు ఇంకేమీ అడగలేదు. రిజిస్టరు దిద్దితే పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవాలి కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, నన్ను పరీక్షకు పంపుతున్నట్టు ప్రత్యేకంగా రాస్తానన్నాడు. అంటే మహాదేవమ్మ నలభై రోజులు అట్లాగే హాజరుగా ఉంటాయి. ఉండనీ. ఉరుకుందన్న ఒక అచ్చు ఫారం తెచ్చి, హాజరు తగ్గడానికి కారణం అన్నచోట అనారోగ్యం అని అలవాటు కొద్దీ రాయబోయాడు.

"అన్నా, ఆగు" అన్నాను. ప్రిన్సిపాలు గారివైపు తిరిగాను. "నాకు జబ్బు లేదు సార్. అది రాయొద్దండి."

"పరీక్షకు పంపుతున్నాం కదమ్మా. అక్కడ ఏం రాస్తే ఏం?"

"ఏదైనా ఒకటే అయితే జరిగిందే రాయండి సార్."

శేషాచలం గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ప్రిన్సిపాలు గారు ఫారం తనవైపు లాక్కున్నాడు. ఎట్లా రాయాలా అని ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత నా అర్జీని దగ్గరికి జరుపుకుని, ఎర్ర సిరాతో దిద్దిన ఆ వాక్యాన్ని చూసి, ఒక్క మాట మార్చకుండా కారణం అన్నచోట ఎత్తి రాశాడు.

పరీక్షలకు ముందు ఇంకా తొమ్మిది ఇంగ్లీషు క్లాసులు జరిగాయి. శేషాచలం గారు ఎప్పటిలాగే అరవై దాకా పిలిచి, మా బెంచీవైపు తలెత్తాడు. పేర్లు పిలవలేదు. మహాదేవమ్మ నాకు దూరంగా బెంచీ ఆ చివరన కూర్చుంది, పరీక్షలయ్యేదాకా నాతో మాట్లాడలేదు. మొదటి రోజు ఆయన తల వంచబోతుంటే నేను లేచి నిలబడి, అరవై నాలుగు, ప్రెజెంట్ సార్ అన్నాను. వెనక ఎవడో నా గొంతు పెట్టి అదే మాట అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన రిజిస్టరు మీద గీసేదాకా నేను కూర్చోలేదు. రెండో రోజూ లేచాను. ఆ తొమ్మిది రోజులూ లేచాను.